బెంగళూరులో మన తెలుగువాళ్ళు అడిగే సివిల్ ప్రశ్నలు: వకీలు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

నేను బెంగళూరు సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. మాది అనంతపురం వైపు. ఇక్కడ ఏ తెలుగువాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి "సార్, ఒక్క విషయం అడగాలి" అంటారు. ఆ ఒక్క విషయం వినేసరికి చాలాసార్లు నా మనసు చివుక్కుమంటుంది. న్యాయం వాళ్ళ వైపే ఉంటుంది, కానీ గడువు దాటిపోయి ఉంటుంది. లేదా చేతిలో కాగితం ఉండదు. ఏళ్ళ తరబడి విన్న ఆ ప్రశ్నలనే ఇక్కడ రాస్తున్నాను. ఇది విషయం అర్థం కావడానికి మాత్రమే. మీ కాగితాలు చూసి చెప్పే సలహాకు ఇది బదులు కాదు.

డబ్బు ఎగ్గొట్టాడు. పోలీసు స్టేషన్లో చెబితే ఇప్పించరా?

ఇచ్చిన అప్పు, అడ్వాన్సు, వాటా, హద్దు గొడవ వంటివి సివిల్ వివాదాలు. వీటిని తేల్చేది కోర్టు. అప్పు వసూలు చేసే అధికారం పోలీసులకు లేదు. సివిల్ గొడవకు క్రిమినల్ రంగు పూయవద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. మొదటినుంచీ మోసం చేయాలనే ఉద్దేశంతో దొంగ పత్రాలు సృష్టించినా, ఒకే సైటు ఇద్దరికి అమ్మినా అది నేరం. అప్పుడు ఫిర్యాదు చేయాల్సిందే. "తెలిసిన ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, మాట్లాడిస్తా" అనే మాట నమ్మి నెలలు తిరిగేవాళ్ళు ఒకటి మర్చిపోతారు: మీరు స్టేషన్ చుట్టూ తిరిగినంత మాత్రాన సివిల్ దావా గడువు ఆగదు.

ఇల్లు ఖాళీ చేసి మూడు నెలలైంది. ఓనరు అడ్వాన్సు తిరిగివ్వడం లేదు. ఏం చేయాలి?

బెంగళూరు అడ్వాన్సు గురించి మీకు చెప్పక్కర్లేదు. ఒకప్పుడు పది నెలల అద్దె మామూలే. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు దిగింది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాస ఇళ్ళకు రెండు నెలలే అని ఉంది కదా అని అడుగుతారు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. కాబట్టి మీకు దిక్కు మీ అగ్రిమెంటే. పెయింటింగుకు ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడి వాడుక. అగ్రిమెంటులో ఉంటే అది చెల్లుతుంది, లేకుంటే ఎందుకు కోశారని అడగవచ్చు.

ముందు వాట్సాప్‌లో మర్యాదగా అడగండి. ఖాళీ చేసిన తేదీ, ఇచ్చిన అడ్వాన్సు, రావలసింది ఎంత అన్నవి ఆ మెసేజీలో ఉండాలి. ఆయన "వచ్చే నెల ఇస్తా" అని బదులిచ్చినా అది మీకు సాక్ష్యమే. రెండు వారాల్లో తేలకపోతే వకీలుతో లీగల్ నోటీసు పంపించండి. చాలా అడ్వాన్సులు నోటీసు దగ్గరే తిరిగొస్తాయి. ఆ తర్వాత కూడా ఇవ్వకపోతే దావా వేయాలి. గడువు మూడేళ్ళు.

రావలసింది నలభై, యాభై వేలే అయితే దావాకన్నా ముందు జిల్లా న్యాయ సేవల ప్రాధికారానికి అర్జీ పెట్టుకోవాలని నా సలహా. ఫీజు లేకుండా ఓనరును పిలిపించి మాట్లాడిస్తారు.

ఇల్లు దిగే రోజున ప్రతి గదినీ, మీటరు రీడింగునూ వీడియో తీసి, తాళాలు అప్పగించినట్టు ఒక మెసేజీ పెట్టండి. ఐదు నిమిషాల పని అది. దానివల్ల తర్వాత ఎంత టెన్షన్ తప్పుతుందో నేను రోజూ చూస్తున్నాను.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారు?

ఏడాది మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలలు. నోటరీ చేయించినంత మాత్రాన అది రిజిస్ట్రేషన్ అయిపోదు.

ఓనరు ఖాళీ చేయమని కరెంటు తీసేశాడు. తాళం మార్చేస్తానంటున్నాడు.

అద్దె బాకీ ఉన్నా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని బలవంతంగా వెళ్ళగొట్టే హక్కు ఓనరుకు లేదు. నెలవారీ అద్దెకు ఉన్నవాళ్ళకు, అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే, కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను బయటపడేసి స్వాధీనం లాక్కుంటే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేయవచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్నది చూడరు, మిమ్మల్ని చట్టప్రకారం ఖాళీ చేయించారా లేదా అన్నదే చూస్తారు. ఇది ఆలోచించుకుంటూ కూర్చునే సందర్భం కాదు, అదే రోజు వకీలును కలవాలి.

ఇల్లు "లీజుకు" తీసుకోవచ్చా? ఇరవై లక్షలు ఇస్తే మూడేళ్ళు అద్దె లేదంటున్నారు.

ఈ ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు చెబుతాను. మనవాళ్ళు ఎక్కువ నష్టపోతున్నది ఇక్కడే.

బెంగళూరులో లీజు అంటే మన ఊళ్ళ భోగ్యం లాంటిదే. పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తారు, అద్దె కట్టరు, గడువు తీరాక మొత్తం తిరిగి తీసుకుని ఖాళీ చేస్తారు. ఊళ్ళో పొలం అమ్మిన డబ్బో, రిటైరైన నాన్నగారి పీఎఫ్ డబ్బో తెచ్చి ఇలా పెడతారు. నెలనెలా అద్దె మిగులుతుంది కదా అనిపిస్తుంది.

నేను చూసిన కష్టాలు మూడు రకాలు. మొదటిది, ఓనరు అప్పటికే ఆ ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టి ఉంటాడు. కంతులు కట్టడం మానేస్తే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది. రిజిస్టరు కాని మీ లీజు కాగితం అక్కడ మిమ్మల్ని పెద్దగా కాపాడదు. రెండోది, మీతో లీజు రాసుకున్నది ఓనరు కాదు, మధ్యలో ఉన్న ఒక సంస్థ. వాళ్ళు ఓనరుకు నెలనెలా అద్దె కడతామని ఇల్లు తీసుకుని, మీ దగ్గర లక్షలు వసూలు చేస్తారు. వాళ్ళు అద్దె కట్టడం ఆపిన రోజు అసలు ఓనరు వచ్చి "మీరెవరు?" అంటాడు. మూడోది అందరికీ తెలిసిందే: గడువు తీరేసరికి ఓనరు దగ్గర డబ్బు ఉండదు, "కొత్త లీజుదారు వస్తే ఇస్తా" అంటాడు.

అయినా తీసుకోవాలనుకుంటే, డబ్బు ఇవ్వకముందే ఒక వకీలుకు కాగితాలు చూపించండి. ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే పత్రం, తీయించాలి. అసలు దస్తావేజు కళ్ళతో చూడాలి. అది బ్యాంకులో ఉందంటే అప్పు ఉన్నట్టే. డబ్బు ఓనరు ఖాతాకే, బ్యాంకు ద్వారానే వెళ్ళాలి. పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. "ఇక్కడ ఎవరూ రిజిస్టరు చేయించరు" అని బ్రోకరు అంటాడు. ఇరవై లక్షలు మీవి, బ్రోకరువి కావు. స్వాధీన తనఖాగా రిజిస్టరైతే, డబ్బు తిరిగిచ్చేదాకా ఇంటిని అట్టిపెట్టుకునే హక్కు మీకు ఉంటుంది. ఎట్టి పరిస్థితిలోనూ పైకం చేతికి రాకముందు తాళాలు ఇవ్వకండి.

స్నేహితుడికి అప్పిచ్చాను, ప్రోనోటు రాయించుకున్నాను. ఎప్పటిదాకా ఆగవచ్చు?

ప్రోనోటు రాసిన తేదీ నుంచి మూడేళ్ళు. ఆ తర్వాత టైం బార్, అంటే దావా చెల్లదు.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన విషయం కాదు. నాన్న ఒక బంధువుకు బావి తవ్వకానికని డబ్బిచ్చి ప్రోనోటు రాయించుకున్నారు. ప్రతి ఉగాదికీ ఆ బంధువు మా ఇంటికి వచ్చి, అన్నం తిని, "ఈ పంటకు ఇచ్చేస్తా బావా" అని వెళ్ళేవారు. అడిగితే బాగుండదని నాన్న ఆగారు. మూడేళ్ళ నాలుగు నెలలకు వకీలు దగ్గరికి వెళితే, ఆయన ప్రోనోటును అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశారు. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. నేను లా చదవడానికి అదొక కారణం.

ఆ గడువును పెంచుకునే దారి చట్టంలోనే ఉంది. మూడేళ్ళు నిండకముందే అప్పు తీసుకున్న వ్యక్తి కొంత సొమ్ము కట్టి, ఆ చెల్లు ప్రోనోటు వెనుక తన చేత్తో రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు. లేదా "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం చేసినా చాలు. నోటు తిరగరాసినా సరే. బంధువైతే ఇది అడగడం ఇంకా సులువు: "నీమీద కేసు వేయకుండా ఉండడానికే ఈ సంతకం అడుగుతున్నా" అని చెప్పండి. అది నిజం కూడా.

గడువు దాటిపోయాక కూడా ఆయన తీరుస్తానని కొత్తగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే అది కొత్త ఒప్పందంగా చెల్లుతుంది. నోటిమాట చెల్లదు.

ప్రోనోటు లేదు, ఫోన్‌పేలో పంపాను. దావా వేయవచ్చా?

వేయవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంటు, అప్పు సంగతి ఉన్న వాట్సాప్ మాటలు సాక్ష్యమే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం వాటికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి, అది వకీలు చూసుకుంటారు. మీరు చేయాల్సింది ఒక్కటే: ఆ మెసేజీలు చెరిపేయకండి, ఫోను మార్చినా పాతది అమ్మేయకండి. ఇక్కడా మూడేళ్ళే, మామూలుగా డబ్బిచ్చిన రోజు నుంచి. ఇరవై వేలు, అంతకుమించిన అప్పు నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఎలాగూ బ్యాంకు ద్వారా ఇవ్వడమే మంచిది.

చెక్కు బౌన్సయింది. తొందర ఏమైనా ఉందా?

చాలా ఉంది. చెక్కు వెనక్కి వచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో అవతలివాళ్ళు కట్టకపోతే, ఆ తర్వాత ఒక నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదులో ఆలస్యాన్ని సరైన కారణం ఉంటే కోర్టు క్షమించవచ్చు. నోటీసు గడువు దాటితే మాత్రం ఆ బౌన్సు మీద కేసు ఉండదు. మీ ఖాతా బెంగళూరు బ్రాంచిలో ఉండి, చెక్కును ఆ ఖాతాలో వేస్తే, కేసు ఇక్కడే వేయవచ్చు, ఇచ్చినవాళ్ళు కర్నూలులో ఉన్నా సరే.

ఇక ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చేవాళ్ళకు ఒక మాట. "మొత్తం నేను రాయలేదు" అన్నంత మాత్రాన బయటపడలేరని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. సెక్యూరిటీకి చెక్కు ఇవ్వక తప్పకపోతే, ఎందుకిచ్చారో, నంబరెంతో ఒక కాగితం మీద రాయించుకోండి.

హోస్కోటె వైపు సైటు చూశాం. ఖాతా ఉంది, జీపీఏ మీద ఇస్తామంటున్నారు. ధర బాగుంది.

ధర బాగుండడానికి కారణం ఆ జీపీఏనే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, సేల్ అగ్రిమెంటు వంటి కాగితాలతో యాజమాన్యం మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్టరైన సేల్ డీడు కావాలి. ఇక ఖాతా అంటే పన్ను కట్టడానికి కార్పొరేషన్ లెక్కల్లో ఉన్న పేరు. అది హక్కు పత్రం కాదు. బెంగళూరు నగరంలో రిజిస్ట్రేషన్‌కు 2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా తప్పనిసరి చేశారు. అయినా టైటిల్ పరిశీలన విడిగా చేయాల్సిందే.

ఊరి చుట్టూ ఉన్న భూముల్లో ఇంకో ప్రమాదం ఉంది. మన దగ్గర డీకేటీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, కొంటే ఏమవుతుందో మీకు తెలుసు, 1977 చట్టం మామూలుగా ఆ అమ్మకాన్ని ఒప్పుకోదు. కర్ణాటకలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం మంజూరు చేసిన భూములకు 1978 చట్టం ఉంది, ఇక్కడివాళ్ళు పీటీసీఎల్ అంటారు. ప్రభుత్వ అనుమతి లేకుండా కొంటే ఆ కొనుగోలు చెల్లదు, భూమి అసలు కుటుంబానికి తిరిగి వెళుతుంది. 2023లో చేసిన సవరణతో, చాలా ఏళ్ళు గడిచిపోయాయన్న వాదనకూ బలం తగ్గింది. అసలు మంజూరు ఎవరికి అయిందో పాత పహణీల్లోనూ (మన అడంగల్ లాంటివి), మదర్ డీడులోనూ (ఆ ఆస్తి మొదటి దస్తావేజు) తెలుస్తుంది. అందుకే 30 ఏళ్ళ ఈసీ, పహణీలు, కన్వర్షన్ ఉత్తర్వు (పొలాన్ని ఇళ్ళ స్థలంగా మార్చినది), లేఅవుట్ మంజూరు వరుసగా చూడాలంటాం.

"బ్యాంకు లోను ఇచ్చింది కదా, అంటే క్లియరే కదా" అని అడుగుతారు. బ్యాంకు వకీలు చూసేది బ్యాంకు క్షేమం. మీ క్షేమం చూసే వకీలును మీరే పెట్టుకోండి, టోకెన్ అడ్వాన్సు ఇవ్వకముందే.

బిల్డరు ఫ్లాటు ఇవ్వడం ఆలస్యం చేస్తున్నాడు.

బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే కర్ణాటక రెరాకు ఫిర్యాదు చేయవచ్చు, మీరే వాదించుకోవచ్చు కూడా. 2016 చట్టం ప్రకారం ఆలస్యానికి వడ్డీ అడగవచ్చు, వద్దనుకుంటే బయటికొచ్చి వడ్డీతో డబ్బు వెనక్కి అడగవచ్చు. అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు బిల్డరు ఫ్లాటు విలువలో 10 శాతం మించి తీసుకోకూడదు. స్వాధీనం తర్వాత ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే తన ఖర్చుతో బాగుచేయాలి.

ఊళ్ళో తాతల నాటి పొలం ఉంది. అక్కకు పెళ్ళిలో పసుపు కుంకుమ కింద బంగారం ఇచ్చేశాం. ఇంకా వాటా ఉంటుందా?

ఉంటుంది. పెళ్ళి ఖర్చు, ఇచ్చిన బంగారం వాటాకు బదులు కావు. ఈ విషయంలో మన తెలుగునాడు ముందే మేలుకుంది. ఆంధ్రప్రదేశ్ 1986లోనే సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కర్ణాటకలో ఇలాంటి సవరణ 1994లో అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది, పెళ్ళయినా కాకపోయినా. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రం ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగిన పంపకాలను మాత్రం కదపరు.

తండ్రి స్వార్జితం వేరు. ఆయన తన ఇష్టం వచ్చినవాళ్ళకు రాయవచ్చు. ఏమీ రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, ఆయన తల్లి ఉంటే ఆమె, అందరికీ సమాన వాటా.

అక్క నిజంగానే వద్దనుకుంటే, హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయాలి. తెల్లకాగితం మీద పారికత్తు (పంపకాల కాగితం) రాసుకుని ఊరి పెద్దల సంతకాలు పెట్టించిన కుటుంబాలు, పిల్లల తరం వచ్చాక కోర్టుకెక్కడం నేను చూశాను. నా మనసులో మాట ఒకటి చెబుతాను. అక్కాచెల్లెళ్ళను పిలిచి, కూర్చోబెట్టి, అడిగి చేసిన పంపకమే నిలుస్తుంది. సంతకం ఎందుకో చెప్పకుండా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళిన పంపకం నిలవదు.

పొలం మదనపల్లె దగ్గర, నేనుండేది మారతహళ్ళిలో. కేసు ఇక్కడ వేయవచ్చా?

స్థిరాస్తి దావా ఆస్తి ఉన్నచోటే వేయాలి. పంపకాల దావాలో బెంగళూరు ఫ్లాటు కూడా కలిసి ఉంటే, రెండింట్లో ఎక్కడైనా వేయవచ్చు. అప్పు దావా అయితే ప్రతివాది ఉండేచోటో, లావాదేవీ జరిగినచోటో.

నామినీగా నా పేరే ఉంది. డబ్బు నాదే కదా?

బ్యాంకులో నామినీ అంటే డబ్బు అందుకునే వ్యక్తి, వారసుల తరఫున. ఖాతా మూసేటప్పుడు బ్యాంకు మీకిస్తుంది, కానీ మిగతా వారసుల వాటా అలాగే ఉంటుంది. షేర్ల విషయంలోనూ సుప్రీంకోర్టు 2023లో ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే 2015 సవరణ తర్వాత ఆ సొమ్ముకు వాళ్ళే హక్కుదారులు.

అందుకే వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, వాళ్ళూ సంతకం చేయాలి. లాభం పొందేవాళ్ళను సాక్షిగా పెట్టకండి. రిజిస్టరు చేయిస్తే తర్వాత అనుమానాలు తగ్గుతాయి.

అమ్మానాన్న ఇల్లు నా పేర గిఫ్టు రాస్తామంటున్నారు. మంచిదేనా?

ఈ ప్రశ్నకు నేను ముందు అమ్మానాన్నలకు జవాబు చెబుతాను. గిఫ్టు డీడు ఒకసారి రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం కష్టం. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద, బాగోగులు చూడాలనే షరతుతో రాసి, పిల్లలు చూడకపోతే, ట్రిబ్యునల్ ఆ గిఫ్టును రద్దు చేయవచ్చు. ఆ షరతు డీడులో మాటల్లో కనిపించాలి. కర్ణాటకలో ఈ ట్రిబ్యునల్ అసిస్టెంట్ కమిషనర్ దగ్గర ఉంటుంది. కొడుకు ప్రేమ మీద నమ్మకం ఉన్నా, షరతు రాయించండి. మంచి కొడుకు దానికి బాధపడడు.

కంపెనీ బాండు రాయించుకుంది. మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలట.

బాండు అన్నంత మాత్రాన చెల్లదనీ కాదు, రాసిన మొత్తమంతా కట్టాలనీ కాదు. కంపెనీకి నిజంగా జరిగిన నష్టానికి తగినంతే కోర్టు ఇప్పిస్తుంది. 2025 మేలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు రెండు లక్షల బాండును సమర్థించింది, కాబట్టి తేలిగ్గా తీసుకోకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించవద్దు.

కొన్న ఫ్రిజ్ పాడైంది, కోచింగ్ ఫీజు వెనక్కి ఇవ్వలేదు. ఇలాంటివాటికీ వకీలు కావాలా?

అక్కర్లేదు. ముందు 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయండి. మీరు చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్ళోనే వేయవచ్చు, వస్తువు విజయవాడలో కొన్నా సరే.

కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. తీసుకోకపోతే?

తీసుకోకపోతే కేసు పోదు, మీ మాట వినే అవకాశం పోతుంది. నిరాకరించినా అందినట్టే లెక్క కట్టవచ్చు, ఇంటి తలుపుకు అంటించవచ్చు. అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే తీర్పు, వస్తుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి 30 రోజులే గడువు. సమన్లే సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. అద్దె ఇళ్ళు మారే మనలాంటివాళ్ళకు పాత అడ్రసుకు వెళ్ళిన సమన్లతో ఇదే జరుగుతుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ పేరుతో అప్పుడప్పుడు వెతుక్కోవచ్చు. ఎవరైనా మీమీద దావా వేసి స్టే తెస్తారని అనుమానం ఉంటే ముందే కేవియట్ వేసుకోండి. 90 రోజులు పనిచేస్తుంది, ఆ లోపు మీకు చెప్పకుండా స్టే ఇవ్వరు.

లీగల్ నోటీసు వస్తే మాత్రం అది కోర్టు కాగితం కాదు, కంగారు పడకండి. కానీ కోపంలో మీరే జవాబు రాయకండి. అందులో ఒప్పుకున్న ప్రతి మాటా తర్వాత కోర్టులో మీ ముందుకు వస్తుంది.

వకీలు ఫీజు ఎలా మాట్లాడుకోవాలి? గెలిస్తే ఇంత శాతం అంటున్నారు.

గెలుపు మీద శాతం మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. అలా అడిగినచోటు నుంచి లేచి వచ్చేయండి. ఫీజు ఎంత, కోర్టు ఫీజు విడిగా ఎంత, ఎన్ని విడతలు అన్నది మొదటిరోజే రాసుకోండి. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టవద్దు, నాకు కూడా. వకీలును మార్చుకునే హక్కు మీకుంది. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. మీరు వకీలుకు చెప్పిన రహస్యాన్ని చట్టం కాపాడుతుంది. కాబట్టి మీకు వ్యతిరేకంగా ఉన్న విషయం కూడా ముందే చెప్పండి. అది నాకు మొదటిసారి అవతలి వకీలు నోటి నుంచి తెలిస్తే, అప్పుడు నేను మీకు చేయగలిగింది చాలా తక్కువ.

వకీలును పెట్టుకునే స్తోమత లేదు.

1987 చట్టం కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మిగతావాళ్ళకు ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల అనే భవనానికి వెళ్ళండి. రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికారం, మధ్యవర్తిత్వ కేంద్రం అక్కడే ఉన్నాయి. కోర్టులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. కానీ ఆ అవార్డు మీద అప్పీలు లేదు. కాబట్టి రాజీ షరతులు చదివి, ఒక రాత్రి ఆలోచించుకుని సంతకం చేయండి.

కన్నడ సరిగా రాదు. కోర్టులో ఇబ్బంది అవుతుందా?

లిపి దగ్గరదే కాబట్టి మనం కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదివేస్తాం. ఆ ధైర్యంతోనే కన్నడ పత్రం మీద సంతకం పెట్టేస్తాం. అక్షరాలు చదవడం వేరు, "క్రయ", "భోగ్య", "అధికార పత్ర" అన్న మాటల వెనుక ఉన్న షరతు అర్థం చేసుకోవడం వేరు. అలాంటి పత్రం చేతికొస్తే, ఫొటో తీసుకుని, రేపు చేస్తానని చెప్పి, ఎవరిచేతనైనా పూర్తిగా చదివించుకోండి. కోర్టులో మీరు తెలుగులోనే సాక్ష్యం చెప్పవలసి వస్తే, దాన్ని అనువదించే ఏర్పాటు అడగవచ్చు. ఊరి నుంచి తెచ్చే అడంగల్, పాసుపుస్తకం, పాత తెలుగు దస్తావేజులకు అనువాదం జతచేయాలి. మొదటిసారి వకీలు దగ్గరికి వచ్చేటప్పుడు అవన్నీ, జరిగిన సంగతులు తేదీల వారీగా రాసిన ఒక కాగితం తెచ్చుకోండి. తేదీ గుర్తులేనిచోట ఖాళీ వదలండి. "ఆ ఏడు పెద్దపండగ ముందు" అని రాసినా పరవాలేదు, మనం కూర్చుని వెతుకుదాం.